క్యాంపింగ్‌కి, ట్రెక్కింగ్‌కి మడత చాకు: తక్కువ బడ్జెట్‌లో ఏది కొనాలి, ఏది వదిలేయాలి

"ట్రెక్కింగ్‌కి మంచి చాకు ఏదైనా చెప్పండి" అని అడిగేవాళ్ళలో సగం మంది అప్పటికే ఒక నల్లటి, దళసరి, పిడి నిండా స్క్రూలున్న చాకు ఫొటో చూసి మనసు పారేసుకుని ఉంటారు. మనం ఊఁ అంటే ఆర్డర్ పెట్టేయాలని చూస్తుంటారు. నేను ఊఁ అనను. ఎందుకు అననో కాస్త వివరంగానే చెప్తాను, ఎందుకంటే ఈ విషయంలో డబ్బు ఎక్కువ పెట్టి తక్కువ పని చేసే వస్తువు కొనడం చాలా తేలిక.

ముందు క్యాంపులో చాకుతో నిజంగా ఏం కోస్తామో చూద్దాం. వీడియోల్లో అయితే దుంగలు చీలుస్తారు, కర్ర చెక్కి బల్లెం చేస్తారు, మంచులో గుడిసె కడతారు. మనవాళ్ళు వెళ్ళేది అనంతగిరి కొండలకి, వంజంగికి, మారేడుమిల్లికి, నాగలాపురం వాగుల వెంట, కాస్త సెలవు దొరికితే ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠకి. అక్కడ చాకు పడే పాట్లు ఇవి: ఉల్లిపాయలు, టమాటాలు, పచ్చిమిర్చి, నిమ్మకాయలు, మసాలా ప్యాకెట్ల మూలలు, టెంటుకి కట్టే నైలాన్ తాడు, టేపు, ఎవరిదో బ్యాగు పట్టీ ఊడితే దానికి పెట్టాల్సిన చిన్న కన్నం, పళ్ళు. అంటే పదిలో తొమ్మిది వంతులు వంటింటి పనే. మారేడుమిల్లిలో బొంగు చికెన్ చేసేవాళ్ళు బొంగు నరికేది బరువైన కత్తితో, మడత చాకుతో కాదు. మీరు కూడా ఆ పని చాకుతో మొదలుపెట్టొద్దు. కొబ్బరికాయ కూడా అంతే, రాయి ఉంది కదా.

వంటింటి పనే ఎక్కువ అని ఒప్పుకుంటే మొదటి ప్రశ్న స్టీలు కాదు, బ్రాండ్ కాదు, బ్లేడు మందం. ఒపినెల్ నంబర్ 8 అనే ఫ్రెంచ్ మడత చాకు బ్లేడు పదును లేని పైఅంచు దగ్గర సుమారు 1.7 మిల్లీమీటర్లు. ఆ నల్లటి చాకుల్లో చాలావాటికి 3 మిల్లీమీటర్లు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ. కాగితం మీద ఒక్క మిల్లీమీటరు చిల్లర తేడాయే, కానీ ఒక క్యారెట్ తీసుకుని కోసి చూడండి: పల్చటి బ్లేడు కిందిదాకా జారిపోతుంది, మందపాటిది సగంలో ఇరుక్కుని క్యారెట్‌ని ఫట్‌మని పగలగొడుతుంది. టమాటా అయితే నలిగి రసం కారుతుంది. రెండూ ఒకేలా పదును పెట్టినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే పదును అంచుది, కోత మొత్తం బ్లేడుది. మందంగా ఉంటే గట్టిగా ఉంటుంది కదా, దేన్నైనా పెకలించొచ్చు కదా అంటారు. మడత చాకులో ముందుగా పోయేది బ్లేడు కాదు, మడత దగ్గరుండే పిన్ను, తెరిచిన బ్లేడు మడత పడకుండా పట్టి ఉంచే లాకు. దాన్ని గునపంలా వాడితే ఎంత మందం ఉన్నా లాభం లేదు.

కాబట్టి నా వరుస ఇది: ముందు పల్చటి బ్లేడు, తర్వాత కడుక్కోవడానికి వీలు, తర్వాత తుప్పు, ఆ తర్వాత లాకు. ఒంటిచేత్తో తెరవడం, చూడటానికి స్టైలు, ఇవన్నీ చివర్న. బడ్జెట్ హద్దు మూడు వేల రూపాయలు, కాస్త అటూ ఇటూ. ఇవి దాదాపు అన్నీ దిగుమతి సరుకే కాబట్టి ఇక్కడ రేటు అక్కడికన్నా ఎక్కువే పడుతుంది, పైగా నెలనెలా మారుతుంది, కొనేరోజు రెండు మూడు చోట్ల చూసుకోండి.

ఒపినెల్ నుంచి మొదలుపెడతాను, ఎక్కువమందికి నేను చెప్పేది అదే.

ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల్లో సావోయ్ అనే ప్రాంతం ఉంది. 1890లో జోసెఫ్ ఒపినెల్ అక్కడి రైతుల కోసం చేసిన చాకు ఇది. 1897లో 1 నుంచి 12 దాకా సైజులకి నంబర్లు పెట్టారు, ఇప్పుడు వాటిలో 1, 11 రావడం లేదు. మొదట్లో దీనికి లాకు లేదు, 1955లో మార్సెల్ ఒపినెల్ ఒక తిరిగే రింగు కలిపాడు, అప్పట్నుంచి దాదాపు అదే డిజైను. మొత్తం కలిపి ఐదే భాగాలు: చెక్క పిడి, బ్లేడు, పిన్ను, కదలని పట్టీ ఒకటి, దాని మీద తిరిగే రింగు ఒకటి. చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు, అదే దాని గొప్ప. నంబర్ 8 బ్లేడు 8.5 సెంటీమీటర్లు, బరువు 45 గ్రాముల దగ్గర. ఇంత తేలికగా, ఇంత పల్చగా, ఇంత తక్కువ ధరలో ఉల్లిపాయ కోసే మడత చాకు నాకు ఇంకోటి తెలీదు.

సైజు విషయానికొస్తే, చేతులు చిన్నవైతే నంబర్ 7 తీసుకోండి, బ్లేడు 8 సెంటీమీటర్లు, పెద్ద తేడా తెలీదు. నలుగురైదుగురికి వంట మీదే చేయాలంటే 10 సెంటీమీటర్ల నంబర్ 10 బాగుంటుంది, కానీ జేబులో గుచ్చుకుంటుంది. నంబర్ 12 ఏకంగా 12 సెంటీమీటర్లు, దాన్ని జేబు చాకు అనడం కష్టం.

ఇందులో రెండు రకాల స్టీలు దొరుకుతుంది, ఇక్కడ జాగ్రత్త. ఒకటి కార్బన్ స్టీలు, ఇంకోటి స్టెయిన్‌లెస్. బ్లేడు మీద ఇనాక్స్ అని చెక్కి ఉంటే అది స్టెయిన్‌లెస్. ఇంటర్నెట్‌లో కార్బన్ బ్లేడుని తెగ పొగుడుతారు, పదును తేలికగా ఎక్కుతుంది అని. నిజమే. కానీ ఆ పొగిడేవాళ్ళు కోసేది ఎక్కువగా చీజు, బ్రెడ్డు. మనం కోసేది నిమ్మకాయ, టమాటా, ఉల్లిపాయ, వీలైతే చింతపండు తగిలిన చేత్తోనే పట్టుకుంటాం. పులుపు తగిలిన కార్బన్ బ్లేడు నిమిషాల్లో నల్లబడుతుంది, నిమ్మకాయకి ఇనుము రుచి వస్తుంది, తుడవకుండా రాత్రి వదిలేస్తే పొద్దున్నకి తుప్పు చుక్కలు. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్ళలో అయితే ఇంట్లో డ్రాయర్లో పెట్టినా గాలి చాలు. రోజూ తుడిచి నూనె రాసే ఓపిక ఉన్నవాళ్ళకి కార్బన్ మంచిదే, మిగతావాళ్ళు స్టెయిన్‌లెస్ తీసుకోండి. అందులో వాడే శాండ్విక్ 12సీ27 మంచి స్టీలు, పదును విషయంలో మీరు బాధపడేంత తేడా ఏమీ ఉండదు.

ఒపినెల్‌కి ఒక పెద్ద తలనొప్పి ఉంది, అది చెప్పకుండా ఎవరైనా సిఫారసు చేస్తే వాళ్ళు దాన్ని వానలో వాడలేదని అర్థం. పిడి చెక్కది, సాధారణంగా బీచ్ కర్ర. తడిస్తే ఉబ్బుతుంది. ఉబ్బితే బ్లేడు గాడిలో బిగుసుకుపోయి గోటితో తెరవడానికి రాదు. ఆగస్టులో అరకు వైపు వెళ్ళి రోజంతా తడిసిన బ్యాగులోంచి తీశారంటే దాదాపు ఖాయం. దానికి సావోయ్ వాళ్ళ చిట్కా ఒకటుంది: రింగు లాకు తీసి, పిడి వెనక మొనని ఏదైనా గట్టి చెక్క మీద టక్ మని కొడితే బ్లేడు కాస్త బయటికొస్తుంది, అప్పుడు పట్టుకుని లాగొచ్చు. కొనగానే చేయాల్సిన పని కూడా ఉంది: బ్లేడు తెరిచి, మడత దగ్గరున్న చెక్కకి అవిసె నూనె బాగా పట్టించి రెండు మూడు రోజులు ఆరబెట్టాలి. దాంతో ఉబ్బడం పూర్తిగా ఆగదు గానీ బాగా తగ్గుతుంది. నీళ్ళ గిన్నెలో నానబెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. వానాకాలం ట్రెక్కులే ఎక్కువ చేసేవాళ్ళకి వాళ్ళదే ప్లాస్టిక్ పిడి మోడల్ ఉంది, నంబర్ 8 అవుట్‌డోర్ అని, పిడి చివర ఈల కూడా ఉంటుంది. దాని బ్లేడులో సగం రంపపు పళ్ళు, తాడుకి బాగుంటుంది, ఉల్లిపాయకి అంత బాగోదు. రేటు కూడా ఎక్కువ.

ఇంకో ముచ్చట, ఎడమచేతి వాళ్ళకి ఈ రింగు లాకు వరం. ఎటువైపు నుంచైనా తిప్పొచ్చు. చవక మడత చాకుల్లో ఎక్కువ లాకులు కుడిచేతి బొటనవేలికే చేసినవి.

ఇక విక్టోరినాక్స్. ఎర్ర చాకు, స్విస్ చాకు, అందరికీ తెలిసిందే. కార్ల్ ఎల్సెనర్ 1884లో స్విట్జర్లాండ్‌లోని ఇబాఖ్‌లో పెట్టిన కంపెనీ, 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు ఇస్తోంది. ఒపినెల్ ఒక చాకు. విక్టోరినాక్స్ ఒక చిన్న పనిముట్ల పెట్టె, అందులో చాకు కూడా ఉంది. ఎంచుకునేటప్పుడు ఈ తేడానే చూడండి.

91 మిల్లీమీటర్ల సైజులో చాలా మోడళ్ళున్నాయి, వాటిలో మన పనికొచ్చేవి నాలుగు. స్పార్టన్‌లో పెద్ద బ్లేడు, చిన్న బ్లేడు, డబ్బా తెరిచేది, సీసా మూత తీసేది, కార్క్ స్క్రూ, కన్నం పెట్టే సూది, పట్టకారు, టూత్‌పిక్, బరువు 60 గ్రాముల లోపే. దానికే ఒక చెక్క రంపం కలిపితే క్యాంపర్, 75 గ్రాముల దగ్గర. రంపానికి బదులు కత్తెర ఉంటే క్లైంబర్, 80 దాటుతుంది. రంపం, కత్తెర రెండూ ఉంటే హంట్స్‌మన్, దాదాపు 100 గ్రాములు. కార్క్ స్క్రూ ఎందుకు, మనం వైను తాగుతామా అని నవ్వుతారు గానీ, బిగిసిపోయిన తాడు ముడి విప్పడానికి దాని మొన చాలా బాగా పనికొస్తుంది.

నన్నడిగితే ట్రెక్కింగ్ వరకే వెళ్ళేవాళ్ళకి, అంటే గైడు ఉండి, వంటవాడు ఉండి, భోజనం ప్లేటులో వచ్చే కేదార్‌కంఠ, హంప్టా పాస్ లాంటి ప్యాకేజీ ట్రెక్కులకి, ఒపినెల్ కన్నా క్లైంబర్ మేలు. అక్కడ ఉల్లిపాయలు మీరు కోయరు. కాలి బొబ్బకి టేపు కత్తిరించాలి, గోరు విరిగితే కత్తిరించాలి, ముల్లు దిగితే పట్టకారు కావాలి. కత్తెర విలువ అక్కడే తెలుస్తుంది. క్యాంపింగే ఎక్కువ చేసేవాళ్ళకి క్యాంపర్, దాని రంపం బొటనవేలంత ఎండు కొమ్మని తేలికగా కోసేస్తుంది, చాకుతో చెక్కుతూ కూర్చోనక్కర్లేదు.

లోపాలు? ఒకటి, 91 మిల్లీమీటర్ల మోడళ్ళ బ్లేడుకి లాకు లేదు. స్ప్రింగు ఒత్తిడితోనే నిలబడుతుంది. గుచ్చి నొక్కే పనిలో మడత పడి వేళ్ళ మీదికి రావొచ్చు, కాబట్టి దానితో కోయాలి గానీ పొడవకూడదు. లాకు కావాలంటే 111 మిల్లీమీటర్ల పెద్ద సైజు మోడళ్ళున్నాయి, రేటు మన హద్దు దాటుతుంది. రెండు, గోటితో లాగి తెరవాలి. చలికి వేళ్ళు మొద్దుబారినప్పుడు, గ్లౌజులు వేసుకున్నప్పుడు చచ్చినా రాదు. మూడు, పొరల మధ్యలో మసాలా, పిండి, ఇసుక చేరితే తీయడానికి పళ్ళుతోమే పాత బ్రష్షు, వేడినీళ్ళు కావాలి. స్టీలు కాస్త మెత్తనిది, అంటే పదును త్వరగా తగ్గుతుంది, అంతే త్వరగా మళ్ళీ వస్తుంది. తుప్పు గురించి మాత్రం దాదాపు మరిచిపోవచ్చు.

దీనికి నకిలీలు బాగా ఉన్నాయి. పెద్ద బ్లేడు మొదట్లో, పిడికి దగ్గరగా, కంపెనీ పేరు, స్విస్ మేడ్ అనే మాట శుభ్రంగా చెక్కి ఉంటాయి. పిడి మీద డాలు లోపల శిలువ గుర్తు చదునుగా, నీటుగా ఉంటుంది. మూడొందలకి పద్నాలుగు పనిముట్లు అని అమ్మేది స్విస్ కాదు, దాని కత్తెర జుట్టు కూడా కోయదు.

అదే కంపెనీలో ఎవరూ పట్టించుకోని ఒక వస్తువు ఉంది. వాళ్ళ వంటింటి చాకుల్లో మడిచే చాకు, ప్లాస్టిక్ పిడి, 11 సెంటీమీటర్ల పల్చటి బ్లేడు. లాకు లేదు, ఫొటోలో స్టైలుగా ఉండదు, రంగురంగుల బొమ్మలా ఉంటుంది. కానీ టమాటా కోయడంలో ఈ వ్యాసంలో చెప్పిన అన్నిటినీ ఓడిస్తుంది, పైగా చూసినవాళ్ళెవరూ ఆయుధం అనుకోరు. పిల్లలతో ఫ్యామిలీ క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళు ముందు దీన్ని చూడండి.

ఇప్పుడు ఆ నల్లటి చాకుల సంగతి. అన్నీ చెత్త అనడం లేదు. చైనాలో తయారయ్యే గాంజో, రుయికే, సివివి లాంటి బ్రాండ్లు, తైవాన్‌లో చేయించే ఒంటారియో ర్యాట్ లాంటివి నిజంగా బాగా చేసిన వస్తువులు. ఒంటిచేత్తో తెరుచుకుంటాయి, లాకు గట్టిగా ఉంటుంది, విప్పి కడిగి మళ్ళీ బిగించొచ్చు. ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో కోయాల్సిన పని ఉన్నవాళ్ళకి, అంటే కయాకింగ్, రాక్ క్లైంబింగ్ చేసేవాళ్ళకి, ఇవే సరైనవి. మిగతావాళ్ళకి ఆ సౌకర్యం ఆటగా తప్ప పెద్దగా వాడకంలోకి రాదు. రేటు కూడా వీటిలో మంచివి మూడు వేలు దాటేస్తాయి, హద్దులోపల దొరికేది గాంజో లాంటివే.

వీటి లాకుల్లో ఎక్కువగా కనపడేది లైనర్ లాకు. పిడి లోపల ఒక సన్నటి రేకు ఉంటుంది, బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే అది పక్కకి జరిగి బ్లేడు వెనకాల అడ్డంగా నిలబడుతుంది. మూయాలంటే బొటనవేలితో దాన్ని పక్కకి నొక్కాలి, అంటే మూసేటప్పుడు మీ వేలు బ్లేడు దారిలోనే ఉంటుంది, అలవాటయ్యేదాకా నెమ్మదిగా మూయాలి. ఇంకోటి అడ్డకడ్డీ లాకు, రెండువైపులా చిన్న పిన్నులు పట్టి వెనక్కి లాగితే బ్లేడు వదులవుతుంది. వేళ్ళు దారిలో ఉండవు, ఎడమచేతికీ పనిచేస్తుంది. చేతిలో పెట్టి పోల్చే అవకాశం ఉంటే నేను ఇదే తీసుకుంటాను.

స్టీలు పేర్లు చూసి బెదిరిపోవద్దు. చవక వాటిలో మీకు కనపడేవి నాలుగైదే. 3సీఆర్13, 420 అని రాసి ఉంటే మెత్తనివి, వారాంతానికి పదును పోతుంది. 8సీఆర్13ఎంఓవీ బాగానే ఉంటుంది, మామూలు సానతోనే పదునెక్కుతుంది, ధరకి తగ్గ స్టీలు. 440సీ కూడా మంచిదే, కానీ చివర సీ లేకుండా ఉత్తి 440 అని రాస్తే అనుమానించండి, సాధారణంగా అది అంతకన్నా తక్కువ రకం. ఇప్పుడు బడ్జెట్ చాకుల్లో ఫ్యాషన్ డీ2. పదును చాలాకాలం నిలుస్తుంది, కానీ అందులో 12 శాతం దాకా క్రోమియం ఉన్నా చాలావరకు కార్బన్‌తో కలిసిపోయి ఉంటుంది కాబట్టి పూర్తి స్టెయిన్‌లెస్‌లా పనిచేయదు. నిమ్మకాయ కోసి అలాగే మడిచేస్తే మచ్చలు పడతాయి. పైగా ఒకసారి మొద్దుబారితే ఇంట్లో ఉన్న సాన రాయితో దాన్ని దారికి తేవడానికి ఓపిక కావాలి, డైమండ్ ప్లేటు, అంటే వజ్రపు పొడి అద్దిన సాన పలక, ఉంటే నయం. కొత్తగా కొనేవాళ్ళకి డీ2 వద్దు అనే నా సలహా. "సర్జికల్ స్టీల్" అని మాత్రమే రాసి నంబరు ఇవ్వకపోతే ఆ పేజీ మూసేయండి. బ్లేడు మీద నీటి అలల డిజైను ముద్రించి డమాస్కస్ (పొరలు పొరలుగా కలిపి చేసే స్టీలు) అని అమ్మేవి కూడా అంతే.

మడత లేని చాకు గురించి ఒక్క మాట. కారులో వెళ్ళి టెంటు పక్కనే వంట చేసుకునేవాళ్ళకి అసలు మడత ఎందుకు? స్వీడన్ వాళ్ళ మోరా కంపానియన్ ఉంది, 10 సెంటీమీటర్ల పైన బ్లేడు, ప్లాస్టిక్ ఒరతో వస్తుంది, చికెన్ కోశాక ఒక్కసారి కడిగితే శుభ్రం, మడతలో రక్తం చేరి మర్నాడు వాసన రావడం లాంటి గొడవ లేదు. మాంసం కోసే పని ఎక్కువుంటే నిజానికి ఇదే ఆరోగ్యకరం. కానీ నడుముకి ఒరతో వేలాడే చాకు చూసి చెక్‌పోస్టులో అడిగే ప్రశ్నలు వేరు. ఏడాదికి ఒకసారి మాత్రమే క్యాంపింగ్‌కి వెళ్ళేవాళ్ళయితే ఇదంతా చదివి కూడా ఏమీ కొనకండి. ఇంట్లో ఉన్న చిన్న కూరగాయల చాకుకి దళసరి అట్టతో ఒర చేసి టేపు చుట్టి పట్టుకెళ్ళండి, చక్కగా సరిపోతుంది.

చట్టం సంగతి ఎవరూ చెప్పరు, అందుకే కాస్త ఆగి చెప్తాను. ఆయుధాల నిబంధనల్లో లైసెన్సు లెక్కకి వచ్చే కత్తులు బ్లేడు 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు ఉన్నవి, అందులోనూ ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవి మినహాయింపు. ఆ లెక్కన పైన చెప్పినవేవీ అందులోకి రావు. అయితే బటన్ నొక్కితే స్ప్రింగుతో తెరుచుకునే చాకుల జోలికి మాత్రం పోవద్దు. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ ఒకటుంది, 7.62 సెంటీమీటర్లు, ఆపైన పొడవు, 1.72 సెంటీమీటర్లు, ఆపైన వెడల్పు ఉన్న బటన్, స్ప్రింగు చాకుల తయారీ, అమ్మకం, అమ్మకానికి దగ్గర పెట్టుకోవడం మీద. హిమాలయాలకి వెళ్ళే దారిలో ఢిల్లీ తగులుతుంది, అక్కడి ఫుట్‌పాత్ మీద అలాంటివి చవగ్గా కనపడితే ముచ్చటపడి కొనకండి. పనికి కూడా అవి పనికిరావు, పిడి వదులు, బ్లేడు రేకు.

దానికన్నా ముఖ్యమైనది అడవి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా అధీకృత అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో వెళ్ళకూడదు. ఆ చట్టంలో ఆయుధం అంటే ఏమేమిటో చెప్పినచోట తుపాకులు, విల్లంబులు, వలలు, ఉచ్చులతో పాటు కత్తులు అని కూడా స్పష్టంగా ఉంది. ఎంత పొడవు అని లేదు. నల్లమలలో అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యాలు, తలకోన ఉన్న శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం, పాపికొండ జాతీయ ఉద్యానం, ఇవన్నీ మనం సరదాగా వెళ్ళే చోట్లే. వంటకి ఒక చిన్న చాకు ఉంది, తీసుకెళ్ళొచ్చా అని చెక్‌పోస్టులో ముందే అడగండి. వద్దంటే అక్కడే కారులో లాక్ చేసి, కూరగాయలు ఇంట్లోనే కోసి డబ్బాలో పెట్టుకెళ్ళండి. వాదించి గెలిచే చోటు కాదది.

విమానంలో చాకు క్యాబిన్ బ్యాగులో వద్దు, చెక్-ఇన్ లగేజీలోనే. ట్రెక్కుకి వెళ్ళేవాళ్ళు చాలామంది ఒకే బ్యాక్‌ప్యాక్‌ని క్యాబిన్‌లోకి పట్టుకెళ్తారు, అక్కడే దొరికిపోయి మూడు వేల చాకుని ట్రేలో వదిలేసి వస్తారు. మెట్రోలో కూడా బ్యాగు స్కానింగ్ ఉంటుందని గుర్తుపెట్టుకోండి. ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ళకి ఒక హెచ్చరిక: అక్కడ కారణం లేకుండా జేబులో పెట్టుకుని తిరగదగింది 3 అంగుళాల లోపు పదును ఉండి, లాకు పడని మడత చాకు మాత్రమే. అంటే ఒపినెల్ నంబర్ 8 రెండు రకాలుగానూ దాటిపోతుంది, క్యాంపింగ్‌కి వెళ్తున్నప్పుడు తప్ప ఇంట్లో ఉంచండి, జేబుకి లాకు లేని విక్టోరినాక్స్ 91 మిల్లీమీటర్లది మేలు. అమెరికాలో రాష్ట్రానికో రూలు, మీ రాష్ట్రానిది మీరు చూసుకోవాల్సిందే.

పదును పెట్టడం గురించి. వీధిలో సైకిల్ మీద చక్రం తిప్పుతూ సాన పట్టేవాళ్ళకి కత్తిపీట ఇవ్వండి, కొడవలి ఇవ్వండి, ఈ పల్చటి చాకులు ఇవ్వకండి. ఆ చక్రం వేడికి సన్నటి అంచు నీలం రంగుకి తిరిగిందంటే అక్కడ స్టీలు మెత్తబడిపోయినట్టే, మళ్ళీ పదును నిలవదు. 1000 గ్రిట్ (గరుకుదనం లెక్క) నీటి రాయి, అంటే నీళ్ళతో తడిపి వాడే సాన రాయి, ఒకటి కొనుక్కోండి, 20 డిగ్రీల వంపులో రెండువైపులా సమానంగా రుద్దండి, చాలు. దారిలో అవసరమైతే పింగాణీ కప్పు తిరగేస్తే అడుగున గరుకుగా ఉండే వలయం ఉంటుంది కదా, దానిమీద నెమ్మదిగా లాగినా పని జరుగుతుంది. తుప్పు రాకుండా కొబ్బరినూనె రాయొచ్చు, తిండికి తగిలినా భయం లేదు, కాకపోతే 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకడుతుంది కాబట్టి లంబసింగి చలికాలంలో, హిమాలయాల్లో మడతలో పోస్తే బ్లేడు కదలనంటుంది. అక్కడికెళ్ళేముందు మడతని పొడిగా తుడిచి బ్లేడుకి పైపైన రాస్తే చాలు. కుట్టుమిషన్ నూనె పిన్నుకి బాగుంటుంది గానీ బ్లేడు మీదికి వస్తే కోసేముందు తుడవాలి.

ఇంత చదివాక ఇంకా తేలకపోతే ఇలా చేయండి. వంట మీరే చేసుకునే క్యాంపింగ్ అయితే ఒపినెల్ నంబర్ 8, స్టెయిన్‌లెస్. ప్యాకేజీ ట్రెక్కులయితే విక్టోరినాక్స్ క్లైంబర్, బడ్జెట్ చాలకపోతే స్పార్టన్. పిల్లలతో వెళ్తే మడిచే వంటింటి చాకు. కారులో వెళ్ళి చికెన్ వండుకుంటే మోరా. నీళ్ళలో, తాళ్ళతో పనైతే అడ్డకడ్డీ లాకున్న గాంజో. ఒపినెల్, స్పార్టన్ రెండూ కొనే స్తోమత ఉంటే రెండూ కొనండి, కలిపినా 105 గ్రాముల దగ్గరే.

ప్యాకెట్ విప్పగానే రిటర్న్ గడువు ఉండగానే చూసుకోవాల్సినవి ఉన్నాయి. బ్లేడు మూసి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి, మధ్యలో ఉందా, ఒక పక్కకి రాసుకుంటోందా అని. చెక్క పిడి వాటిలో కాస్త పక్కకి ఉండటం మామూలే, రాసుకోకపోతే చాలు. తెరిచి లాక్ చేసి, పిడిని గట్టిగా పట్టుకుని, బ్లేడుని పదును లేని వైపు నుంచి పట్టి అటూ ఇటూ కదిపి చూడండి, లొడలొడలాడితే వెనక్కి పంపండి. తర్వాత పదును లేని వైపుని చెక్క బల్లకి ఆనించి నెమ్మదిగా, వేళ్ళు బ్లేడు దారిలో లేకుండా నొక్కండి, లాకు జారకూడదు. కొట్టి పరీక్షించకండి, మంచి లాకు కూడా ఆ దెబ్బలకి పాడవుతుంది. లాకు లేని విక్టోరినాక్స్‌కి ఈ పరీక్ష వర్తించదు, అది మడత పడుతుంది, పడాలి కూడా. చివరగా ఒక పండిన టమాటా మీద బ్లేడు పెట్టి నొక్కకుండా లాగండి. తొక్క తెగకపోతే చాకు చెడ్డదని కాదు, ఫ్యాక్టరీ పదును సరిగ్గా లేదని, సాన మీద పది నిమిషాలు పెట్టి మళ్ళీ చూడండి.